ఏమీ కుదరని రోజున ఎంత చేయగలరో అక్కడ మొదలుపెట్టండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. వయసు 41, రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలోనే పని, మూడుసార్లు జిమ్‌లో చేరి మూడుసార్లూ నెలన్నరకే ఆపేశారు, నిద్ర ఐదారు గంటలు, మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి, ఈమధ్య చేయించిన టెస్టుల్లో షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. రోజూ చేయాల్సిన పది అలవాట్లు లిస్టుగా ఇమ్మన్నారు, చివర్లో 72 ఏళ్ల మీ నాన్నగారి గురించి కూడా అడిగారు. నేను ఫిజియోథెరపిస్ట్‌నండి, ఈ పనిలోకి వచ్చి 23 ఏళ్లు. లిస్టు మాత్రం ఇవ్వను, ఎందుకంటే పది అలవాట్ల లిస్టులు మీ దగ్గర ఇప్పటికే చాలా ఉండి ఉంటాయి, మీ ఇబ్బంది అవి తెలియక వచ్చింది కాదు.

మూడుసార్లు ఫెయిలయ్యాను అని రాశారు చూడండి, అది చదివి బాధేసింది. మీలో పట్టుదల లేక కాదండి అలా అయ్యింది. మీరు ప్లాన్ వేసుకున్నది మంచి ఊపు మీదున్న రోజున. ఆ రోజు గంట వర్కవుట్, పొద్దున ఐదింటికి లేవడం, స్వీట్లు బంద్, అన్నీ కుదురుతాయి అనిపిస్తుంది, రెండు వారాలు కుదురుతాయి కూడా. తర్వాత ఆఫీసులో ఒక డెడ్‌లైన్ వస్తుంది, ఇంట్లో ఒకరికి జ్వరం వస్తుంది, నాలుగు రోజులు గ్యాప్ పడుతుంది, ఇంక అయిపోయిందిలే అని మొత్తం వదిలేస్తాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది కథ ఇదే. అందుకే నేను మొదటి రోజు అడిగే ప్రశ్న ఒకటే: రాత్రి నిద్రలేదు, పని నెత్తిమీద ఉంది, ఒళ్లు సహకరించట్లేదు, అలాంటి రోజున మీరు ఏం చేయగలరు? ఐదు నిమిషాలు నడవగలరా? కుర్చీలోంచి ఎనిమిదిసార్లు లేచి కూర్చోగలరా? అయితే మీ అలవాటు అదే. మంచి రోజున ఇంకా ఎక్కువ చేయండి, ఎవరూ వద్దనరు, కానీ లెక్కలోకి వచ్చేది మాత్రం ఆ చిన్నదే.

21 రోజులు చేస్తే అలవాటు అయిపోతుందని అందరూ అంటుంటారు కదా, ఆ నంబర్‌ని నమ్ముకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె టీమ్ కలిసి 96 మందితో ఒక స్టడీ చేశారు, 2009లో వచ్చింది. ఒక్కొక్కళ్లూ ఒక చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో, అంటే భోజనం అయ్యాక అనో, పొద్దున కాఫీ తర్వాత అనో పెట్టుకుని చేశారు. ఆ పని ఆలోచించకుండా దానంతట అదే జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజుల్లో వచ్చేస్తే కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క తేలింది. అంటే మీరు నెలన్నరకి ఆపేసినప్పుడు బహుశా ఇంకో మూడు వారాలు ఆగి ఉంటే కుదురుకునేదేమో. ఆ స్టడీలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది, మధ్యలో ఒక రోజు మిస్సయితే అలవాటు పడడానికి పెద్దగా దెబ్బేమీ తగల్లేదు. ఒక రోజు పోతే పోనివ్వండి. రెండో రోజు మాత్రం ఎలాగైనా ఐదు నిమిషాలైనా చేసేయండి.

సరే, ఇక ఏది ముందు అన్నారు. నా ఆర్డర్ చెప్తాను, వేరే డాక్టర్‌ని అడిగితే వేరే ఆర్డర్ చెప్పొచ్చు, నేను రోజూ చూసే ఒళ్లను బట్టి చెప్తున్నా. ముందు కదలిక, తర్వాత నిద్ర, ఆ తర్వాత తిండి. సిగరెట్ అలవాటుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు అది మానాలి, మీరు దాని గురించి రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నా.

కదలిక ముందు ఎందుకన్నానంటే, కదలకుండా ఉంటే ఒళ్లు ఎంత త్వరగా దిగజారిపోతుందో జనానికి తెలియదు. అమెరికాలో డాలస్‌లో 1966లో ఐదుగురు ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లని మూడు వారాలు మంచం మీదే పడుకోబెట్టి పరీక్షలు చేశారు. ఒళ్లు ఆక్సిజన్‌ని వాడుకునే సామర్థ్యం నాలుగో వంతుకి పైగా పడిపోయింది. అదే ఐదుగురిని 30 ఏళ్ల తర్వాత, యాభై ఏళ్ల వయసులో, మళ్లీ పిలిచి పరీక్షించారు. బరువు పెరిగారు, పొట్టలొచ్చాయి, అయినా గడిచిన 30 ఏళ్లు వాళ్లని దిగజార్చిన దానికంటే అప్పట్లో ఆ మూడు వారాల మంచమే ఎక్కువ దిగజార్చిందని తేలింది. తర్వాత వాళ్లకి ఆరు నెలలు మెల్లమెల్లగా పెంచుకుంటూ నడక, జాగింగ్, సైకిలింగ్ లాంటివి చేయిస్తే 30 ఏళ్లలో పోగొట్టుకున్న సామర్థ్యం దాదాపు మొత్తం వెనక్కి వచ్చింది. ఐదుగురే కాబట్టి అందరికీ అచ్చం ఇలాగే జరుగుతుందని చెప్పను, కానీ 23 ఏళ్లుగా నేను చూస్తున్నది కూడా ఇదే. ఆపరేషన్ అయ్యి నెల రోజులు మంచంలో ఉన్నవాళ్ల తొడ పట్టుకుని చూస్తే చేతికే తెలిసిపోతుంది కండ ఎంత కరిగిపోయిందో. మళ్లీ వస్తుంది, అదే మంచి విషయం, వయసుతో సంబంధం లేకుండా వస్తుంది.

మీ తొమ్మిది గంటల కుర్చీ గురించి. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్ల గుండె జబ్బుల లెక్కలు బయటపెట్టారు. డ్రైవర్ రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టర్ రోజంతా మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు, ఒకే బస్సు, ఒకే డ్యూటీ, కానీ గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువ. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేటప్పటికే కొంచెం లావుగా ఉండేవాళ్లేమో అనే అనుమానం ఆయనకే వచ్చింది, యూనిఫాంల నడుం కొలతలు తీసి చూస్తే అది కూడా కొంత నిజమే అని తేలింది, దాన్ని కూడా దాచకుండా ప్రచురించారు. అయితే పోస్టాఫీసు వాళ్లలో కూడా అదే తేడా కనపడింది, ఉత్తరాలు పంచేవాళ్లకి తక్కువ, కూర్చుని గుమాస్తా పని చేసేవాళ్లకి ఎక్కువ. ఆ మోరిస్ గారు 99 ఏళ్లు బతికారు, 2009లో పోయారు. కండక్టర్లు ఎవరూ ఎక్సర్‌సైజ్ అనుకుని మెట్లెక్కలేదండి, పనిలో భాగంగా ఎక్కారు. మీకు కూడా నేను చెప్పేది అదే, వర్కవుట్‌కి టైం ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం ఆపి, ఉన్న పనుల్లోనే కాళ్లకి ఎక్కడ పని పెట్టొచ్చో చూడండి. ఫోన్ వస్తే లేచి నడుస్తూ మాట్లాడండి. వాటర్ బాటిల్ టేబుల్ మీద పెట్టుకోకుండా దూరంగా పెట్టి చిన్న గ్లాసుతో తెచ్చుకోండి. అరగంటకోసారో ముప్పావుగంటకోసారో లేచి ఒక నిమిషం నిలబడి మడమలు పైకెత్తి దించండి ఓ ఇరవైసార్లు, పిక్కల్లో కండ బిగుసుకున్న ప్రతిసారీ కాళ్లలో నిలబడిపోయిన రక్తం పైకి, గుండె వైపుకి వెళ్తుంది.

పదివేల అడుగులు అవసరమా అని కూడా మీరు మధ్యలో అడిగారు. ఆ నంబర్ వైద్యంలోంచి పుట్టింది కాదు. టోక్యో ఒలింపిక్స్ 1964లో జరిగాయి, ఆ మరుసటి సంవత్సరం జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటర్ ఒకటి అమ్మకానికి పెట్టారు, దాని పేరు మాన్‌పో-కేయి, అంటే పదివేల అడుగుల మీటర్ అని. పేరు బాగుంది, నంబర్ గుండ్రంగా ఉంది, ప్రపంచమంతా పాకిపోయింది. తర్వాత సగటున 72 ఏళ్లున్న ఆడవాళ్ల మీద 2019లో ఒక పెద్ద అమెరికన్ స్టడీ వచ్చింది, అందులో రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనపడ్డాయి, 7,500 దాటాక మాత్రం పెద్దగా తేడా లేదు. మీరు వాళ్లకంటే చాలా చిన్నవారు కాబట్టి ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే, కానీ ఇప్పుడు మూడువేలు వేస్తున్న మనిషి పదివేలు కాలేదని దిగులు పడక్కర్లేదు, ఐదువేలకి వెళ్తే అసలు లాభం అక్కడే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఏంటంటే వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో, అంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంతో కదలాలి, దాంతోపాటు వారంలో రెండు రోజులు కండలకి బరువు పని. ఇదివరకు ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవాళ్లు, 2020లో ఆ షరతు తీసేశారు. మూడు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే.

మీ షుగర్ రిపోర్ట్‌కి వస్తే, మీరు అస్సలు నిర్లక్ష్యం చేయకూడనిది ఇదే, అలాగే మీ చేతిలో ఎక్కువ ఉన్నది కూడా ఇదే. బోర్డర్‌లో ఉంది అన్నారంటే హెచ్‌బీఏ1సీ అనే టెస్టులో (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చూపించేది) 5.7 నుంచి 6.4 శాతం మధ్యలో వచ్చి ఉంటుంది, రిపోర్ట్ తీసి చూసుకోండి. ఈ దశలో ఉన్న మూడువేల మందికి పైగా మనుషుల మీద అమెరికాలో చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు 2002లో వచ్చాయి. కొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చారు, కొందరికి వారానికి 150 నిమిషాల కదలిక, బరువులో 7 శాతం తగ్గడం అనే టార్గెట్ ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ వాళ్లలో షుగర్ జబ్బుగా మారడం 31 శాతం తగ్గింది, అలవాట్లు మార్చుకున్నవాళ్లలో 58 శాతం తగ్గింది. డాక్టర్ మీకు ఇప్పటికే మందు రాసి ఉంటే ఇది చదివి ఆపేయకండి దయచేసి, రెండూ కలిపి చేయొచ్చు. ఏడు శాతం అంటే 80 కిలోల మనిషికి ఐదున్నర కిలోలు, అంతే.

దీనికి నేను చెప్పే అలవాటు ఒక్కటే, భోజనం అయిన వెంటనే పది నిమిషాలు నడవండి. ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత. ఎందుకంటే తిన్నాక రక్తంలోకి గ్లూకోజ్ వస్తుంది, దాన్ని లోపలికి లాక్కునే అతిపెద్ద గోడౌన్ మన కండలే. మామూలుగా ఆ గోడౌన్ తలుపు తెరవాలంటే ఇన్సులిన్ కావాలి, కానీ కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు లేకుండానే దాని తలుపులు కొన్ని తెరుచుకుంటాయి. మీలాంటి వాళ్లలో ఇన్సులిన్ మాటని కండలు సరిగ్గా వినకపోవడమే అసలు సమస్య, కాబట్టి ఆ రెండో దారి మీకు ఇంకా ఎక్కువ ఉపయోగం. వేగంగా నడవక్కర్లేదు, చెమట పట్టక్కర్లేదు, ఇంట్లో అటూ ఇటూ తిరిగినా సరిపోతుంది. పైగా భోజనం అనేది మీరు ఎలాగూ రోజూ చేసే పని కాబట్టి గుర్తుపెట్టుకునే పని ఉండదు, ప్లేటు కడగడం చెప్పులేసుకోవడం ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ఒకాయన, యాభై దాటినవాడు, నడుం నొప్పి కోసం నా దగ్గరికి వచ్చి ఇదొక్కటే పట్టుకున్నాడు, వేరే ఏం చెప్పినా చేయలేదు, ఏడాది తర్వాత కనపడితే రోజూ రాత్రి భార్యాభర్తలిద్దరూ కలిసి ముప్పావుగంట నడుస్తున్నాం అన్నాడు. పది నిమిషాలే చెప్పాను నేను.

ఇక మోకాళ్లు. మెట్లెక్కితే నొప్పి వస్తుందని మెట్లు మానేశాను అని రాశారు, ఇక్కడే చాలామంది పొరపడతారు. ముందుగా ఒక మాట, మోకాలు వాచి ఉన్నా, వేడిగా ఎర్రగా ఉన్నా, ఉన్నట్టుండి పట్టేసి కదలకపోయినా, కాలు కింద పడిపోయేలా జారిపోతున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి లేపేస్తున్నా ఇక్కడ చదివింది చేయకుండా ముందు డాక్టర్‌కి చూపించండి. అవేమీ లేకుండా మెట్ల మీద, కుర్చీలోంచి లేస్తున్నప్పుడు మాత్రమే నొప్పి అయితే ఎక్కువసార్లు తొడ ముందు కండ, పిరుదుల కండ బలహీనపడి మోకీలు మీద భారం పడుతుండటమే. మోకాలికి రెస్ట్ ఇస్తే నొప్పి రెండు రోజులు తగ్గుతుంది, కండ ఇంకొంచెం తగ్గుతుంది, తర్వాత ఇంకా చిన్న పనికే నొప్పి వస్తుంది. ఈ చక్రంలో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లని చూశాను, మనసుకి చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే బయటపడే దారి అంత చిన్నది.

చేయాల్సింది ఏంటంటే, గోడకి ఆనించిన గట్టి కుర్చీ, చేతులు లేని కుర్చీ అయితే మంచిది, దాంట్లో ముందంచున కూర్చుని పాదాలు భుజాలంత దూరంలో పెట్టి, ఒళ్లు కొంచెం ముందుకి వంచి, చేతులు వాడకుండా లేచి నిలబడండి, మళ్లీ మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి. దబ్బున కూలబడకూడదు, ఆ మెల్లగా దిగడంలోనే కండకి పని ఉంది. ఎనిమిదిసార్లు చేస్తే ఒక విడత. కష్టంగా ఉంటే కుర్చీ మీద దిండేసి ఎత్తు పెంచుకోండి. తేలికైపోయిందంటే రెండు విడతలు, తర్వాత మూడు, తర్వాత చేతిలో ఏదైనా బరువు పట్టుకోండి. నొప్పికి పదికి మార్కులు వేసుకుంటే మూడు దాటకుండా, అదీ మర్నాటికల్లా మామూలైపోతుంటే భయపడక్కర్లేదు. మర్నాడు కూడా ఎక్కువగా ఉందంటే మీరు తప్పు చేశారని కాదు, మోతాదు ఎక్కువైందని, సగానికి తగ్గించి మళ్లీ చేయండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు టైం ఇవ్వండి. దీంతోపాటు గోడకి చేతులానించి పుషప్స్ ఒక పది, వారానికి రెండు మూడుసార్లు. ముప్పై దాటాక పట్టించుకోకపోతే పదేళ్లకి మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండ తగ్గుతూ పోతుందంటారు, మీకిప్పుడు 41, ఈ పదేళ్లలో చేసుకున్నది అరవైలో అక్కరకొస్తుంది.

నిద్ర. మీరు దీన్ని ఒక్క లైన్లో రాసి వదిలేశారు కానీ, మీ షుగర్‌కీ, మీరు జిమ్ మానేయడానికీ, సాయంత్రం ఆకలికీ దీనికీ సంబంధం ఉందని నేననుకుంటున్నా. 1999లో ఒక చిన్న ప్రయోగం వచ్చింది, ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లని వరుసగా ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు, అంతకే వాళ్ల ఒళ్లు గ్లూకోజ్‌ని సర్దుకునే తీరు బాగా దెబ్బతింది. మీవి ఐదారు గంటలు కావచ్చు, కానీ ఆరు రాత్రులు కాదు కదా, ఏళ్లు. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి, కొద్దిమందికి తక్కువ సరిపోతుంది కానీ ఆ కొద్దిమందిలో మనం ఉన్నాం అని ప్రతివాళ్లూ అనుకుంటారు. సెలవు రోజున అలారం లేకపోతే ఎన్ని గంటలు పడుకుంటున్నారో చూసుకోండి, రెండు మూడు గంటలు ఎక్కువ పడుకుంటున్నారంటే వారమంతా బాకీ పడ్డట్టే.

త్వరగా పడుకోండి అని చెప్తే ఎవరికీ కుదరదు, నిద్ర రావాలి కదా. అందుకని లేచే టైం పట్టుకోండి. సెలవు రోజైనా మామూలు రోజైనా అరగంట అటూ ఇటూగా ఒకే టైంకి లేవండి, లేచిన గంటలోపు ఆరుబయట పది పదిహేను నిమిషాలు వెలుతురులో ఉండండి, మబ్బుగా ఉన్నా పర్లేదు, ఇంట్లో లైటు కంటే బయటి మబ్బు వెలుతురు చాలా రెట్లు ఎక్కువ. మెదడులోని గడియారం ఆ వెలుతురుని చూసుకునే రాత్రి ఎప్పుడు నిద్ర పుట్టించాలో లెక్కేసుకుంటుంది. కాఫీ టీలు మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు, కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఐదింటికి తాగిన కప్పు పదింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది అనేవాళ్లున్నారు, పడుతుంది నిజమే, గాఢనిద్ర తగ్గిపోతుంది, అది వాళ్లకి తెలియదు. ఇంకోటి, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెప్తుంటే, ఏడు గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే, అది అలవాట్లతో పోయేది కాదు, స్లీప్ యాప్నియా ఏమో టెస్ట్ చేయించుకోవాలి.

తిండి గురించి నేను పెద్దగా చెప్పనండి, నా సబ్జెక్ట్ కాదు, పైగా ఒక్కొక్కళ్లూ ఒక్కోటి చెప్పి జనాన్ని భయపెట్టేశారు. గొడవ లేనివి మాత్రం చెప్తా. కూరగాయలు పండ్లు కలిపి రోజుకి 400 గ్రాములకి తగ్గకుండా, ఉప్పు అన్నీ కలిపి 5 గ్రాముల లోపు అంటే ఒక టీస్పూన్ లోపు, విడిగా కలిపే చక్కెర వీలైతే 25 గ్రాముల లోపు, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేవి. ప్యాకెట్ ఫుడ్ తగ్గించడం మాత్రం మీకు చాలా ముఖ్యం. కెవిన్ హాల్ అనే సైంటిస్ట్ 2019లో 20 మందిని ఆస్పత్రి వార్డులోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి పెట్టారు. రెండింట్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు తెలియకుండానే రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తినేశారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. అందుకే నేను నోరు కట్టేసుకోండి అనను, ఇంట్లో డబ్బాల్లో ఏముందో మార్చండి అంటాను, సాయంత్రం ఆకలి వేసినప్పుడు చేతికి ఏది అందితే అదే తింటాం ఎవరమైనా. ప్రతి పూటా పప్పుధాన్యాలో గుడ్లో చేపో ఏదో ఒక ప్రోటీన్ ఉండేలా చూసుకోండి, కుర్చీ ఎక్సర్‌సైజ్‌కి కండ దానితోనే కట్టుకుంటుంది.

నీళ్లు ఎనిమిది గ్లాసులు లెక్కపెట్టి తాగక్కర్లేదు. 1945లో అమెరికాలో ఒక బోర్డు పెద్దవాళ్లకి రెండున్నర లీటర్ల నీళ్లు కావాలని రాసింది, అందులో చాలా భాగం తినే తిండిలోనే ఉంటుందని పక్క వాక్యంలోనే రాసింది, ఆ రెండో వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. దాహం వేస్తే తాగండి, మూత్రం లేత పసుపులో ఉంటే చాలు, ఎండలో పనిచేసినా జ్వరం విరేచనాలున్నా ఎక్కువ తాగండి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకి లెక్క వేరు, వాళ్లు డాక్టర్ చెప్పినంతే తాగాలి. మద్యం సంగతి, కొంచెం అయితే గుండెకి మంచిదని విని ఉంటారు, ఆ మాట ఇప్పుడు నిలబడట్లేదు, ఎంత తక్కువైతే అంత మంచిది.

బీపీ చూపించుకున్నారా? మీ మెసేజ్‌లో ఎక్కడా లేదు, అందుకే అడుగుతున్నా. హైబీపీకి చాలామందిలో తలనొప్పి ఉండదు, కళ్లు తిరగడం ఉండదు, ఏమీ ఉండదు, ఒక రోజు తిన్నగా పక్షవాతంతో నా దగ్గరికి వస్తారు. నలభై ఎనిమిదేళ్ల మనిషికి మళ్లీ చెంచా పట్టుకోవడం నేర్పించాల్సి వచ్చినప్పుడల్లా నాకు అదే ఆలోచన, ఐదు నిమిషాల పని కదా ఇది, ఎవరైనా ముందే చూసి ఉంటే బాగుండేది కదా అని. కొలిచేటప్పుడు కూడా పద్ధతి ఉంది, ముందు అరగంట కాఫీ, సిగరెట్, ఎక్సర్‌సైజ్ ఉండకూడదు, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద ఉండాలి, మాట్లాడకూడదు, నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూడాలి. హడావిడిగా వచ్చి కూర్చోగానే చూస్తే వచ్చే నంబర్ నమ్మలేం. వేర్వేరు రోజుల్లో చూసినా 140కి 90 దాటుతోందంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, మీ షుగర్ పరిస్థితికి 130 దాటినా ఒకసారి మాట్లాడండి. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా పట్టేసినట్టు అయినా, ఎడమ చేయో దవడో లాగినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా అక్కడే ఆగిపోయి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, గ్యాస్ అనుకుని రాత్రంతా చూడకండి.

కాబట్టి మీకు నేను చెప్పేది, రేపటి నుంచి రెండే రెండు: రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాల నడక, పొద్దున పళ్లు తోముకున్నాక కుర్చీ ఎనిమిదిసార్లు. ఏమీ కుదరని రోజున నడక మూడు నిమిషాలు, కుర్చీ నాలుగుసార్లు, అది కూడా పూర్తిగా చేసినట్టే లెక్క. క్యాలెండర్ మీద ఒక టిక్ పెట్టుకోండి. ఇవి రెండు నెలలు నిలబడ్డాక నిద్ర లేచే టైం జోడించండి, ఆ తర్వాత తిండి. జిమ్ మీకు నిజంగా ఇష్టమైతే అప్పుడు చేరండి, అప్పటికి మోకాళ్లు కూడా సిద్ధంగా ఉంటాయి. షుగర్ టెస్ట్ మూడు నెలలకి మళ్లీ చేయించండి, హెచ్‌బీఏ1సీ సుమారు గత రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి అంతకంటే ముందు చేయిస్తే మీ కష్టం పూర్తిగా కనపడదు.

ఇప్పుడు నాన్నగారి గురించి. ఈ వయసులో ఎక్సర్‌సైజ్ ఎందుకు, రెస్ట్ తీసుకోమని చెప్తున్నాం అన్నారు. ప్రేమతోనే చెప్తున్నారు, నాకు తెలుసు, కానీ ఆ రెస్టే ఆయన్ని బలహీనం చేస్తుందండి. 1990లో మరియా ఫియాటరోన్ అనే డాక్టర్ వృద్ధాశ్రమంలో ఉన్న పది మందితో, వాళ్ల సగటు వయసు 90, ఎనిమిది వారాలు కాళ్లకి బరువులతో ఎక్సర్‌సైజ్ చేయించారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగినప్పుడు 72లో ఎందుకు పెరగదు? ఆయనకి గుండె జబ్బు లాంటివి ఉంటే ముందు వాళ్ల డాక్టర్‌ని అడగండి, సరే అంటే మీరు చేసే కుర్చీ ఎక్సర్‌సైజే, చేతులు ఆనించుకుని లేచినా పర్లేదు, ఐదుసార్లతో మొదలుపెట్టించండి. నడక ఒక్కటే చాలదు, ఆ వయసులో పడిపోకుండా ఉండటం అన్నిటికంటే ముఖ్యం కాబట్టి బ్యాలెన్స్ కూడా కావాలి. వంటింటి గట్టుని రెండు చేతులతో పట్టుకుని ఒక కాలు మీద పది సెకన్లు నిలబడటం, తర్వాత ఇంకో కాలు, మీరు పక్కనే ఉండాలి. కొన్ని వారాలకి ఒక చెయ్యి, ఆ తర్వాత రెండు వేళ్లు ఆనించి చేయగలుగుతారు. రాత్రి బాత్రూంకి లేచినప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని అప్పుడు నిలబడమనండి, దారిలో చిన్న లైటు పెట్టండి, కాలికి తగిలే చిన్న చాపలు, వైర్లు తీసేయండి. రేపు పొద్దున మీరు కుర్చీ ఎక్సర్‌సైజ్ చేసేటప్పుడు ఆయనకి కూడా పక్కనే ఇంకో కుర్చీ వేయండి, ఇద్దరూ కలిసి లెక్కపెట్టుకుంటే ఆయనా మానరు, మీరూ మానరు. రెండు నెలల తర్వాత మోకాలు ఎలా ఉందో, ఆయన ఎన్నిసార్లు లేస్తున్నారో రాయండి, చూస్తాను.